రెండో డిస్కు లేస్తుందా?

ఈ మధ్య ఏ ఆఫీసు సర్వర్ గదిలోకి వెళ్లినా ఒకటే మాట. "రెండు డిస్కులూ మిర్రర్‌లో ఉన్నాయి సార్, ఒకటి పోయినా ఇంకోటి ఉంది." బాగానే ఉంది. ఒకటి పోయాక మిషన్ లేస్తుందా అని అడుగుతాను. "ఎందుకు లేవదు సార్? డేటా అంతా రెండింట్లోనూ ఉందిగా!" అంటారు. లేపి చూశావా అంటే మాత్రం జవాబు రాదు. ఈ ప్రశ్న అడిగినందుకు కుర్రవాళ్లు నన్ను పాతకాలపు మనిషి కింద జమకడతారు. కట్టనీ. హార్డ్ డిస్కు పోయిన రోజున ఒక ఆఫీసు ఎలా స్తంభించిపోతుందో చూసినవాణ్ణి, అడగడం మానను.

మిర్రర్ అంటే ఒక డిస్కు మీద రాసిందే రెండో డిస్కు మీదా రాయడం. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో దీనికి రెయిడ్ వన్ అన్న పేరు స్థిరపడింది. అంతకు ముందే, డెబ్బైల్లోనే, టాండెమ్ కంపెనీ తన నాన్‌స్టాప్ మిషన్లలో డిస్కుల్ని జంటలుగా పెట్టింది. ఆలోచన పాతదే, గట్టిదే. కాని సాఫ్ట్‌వేర్‌తో చేసే మిర్రర్‌లో ఈ జంట పుట్టేది కెర్నెల్ లేచాకే. కెర్నెల్ మెమరీలోకి రావాలి, రెయిడ్ మాడ్యూల్ ఎక్కాలి, రెండు డిస్కుల మీది సూపర్‌బ్లాకులు చదివి ఇవి ఒక జత అని గుర్తుపట్టాలి. స్విచ్ నొక్కినప్పటి నుంచి అంతదాకా మిర్రర్ అనేదే లేదు. బయాస్ ఒక్క డిస్కును ఎంచుకుని దాన్నే నమ్ముకుంటుంది.

మంచి రెయిడ్ కార్డు ఉంటే అది రెండు డిస్కుల్నీ కలిపి బయాస్‌కి ఒకటిగా చూపిస్తుంది కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. ఆ కార్డు కొనే స్తోమత మా కస్టమర్లలో చాలామందికి ఉండేది కాదు. జిల్లా కేంద్రాల్లో చిన్న ఆస్పత్రులు, కాలేజీలు, సహకార సంఘాలు ఇవాళ్టికీ రెండు మామూలు డిస్కులు కొని లినక్స్ మిర్రర్ మీదే నడుస్తున్నాయి. నా బాధ వాళ్ల గురించే.

బయాస్ మొట్టమొదట చదివేది డిస్కు తొలి సెక్టారు, 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టిక, చివరి రెండు బైట్లు ఇది బూట్ అయ్యే డిస్కే అని చెప్పే 55, ఏఏ గుర్తు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0 వచ్చిననాటి ఏర్పాటు ఇది. కిటుకంతా ఇక్కడే ఉంది. మనం మిర్రర్ చేసేది పార్టిషన్లను. ఈ తొలి సెక్టారు ఏ పార్టిషన్‌లోకీ రాదు. దాని వెనకాల, మొదటి పార్టిషన్ మొదలయ్యేలోపు ఉన్న ఖాళీలో గ్రబ్ అనే బూట్ లోడర్ తన మిగతా కోడు పెట్టుకుంటుంది, అదీ ఏ పార్టిషన్‌లోనూ లేదు. కాబట్టి మిర్రర్ వీటిని ముట్టుకోదు. రెండో డిస్కులో మీ లెక్కలు, మీ కెర్నెల్ అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. వాటిని లేపే నాలుగు ముక్కల కోడు మాత్రం ఉండదు. రెండో బావి తవ్వించి, నీళ్లు పడ్డాక గిలక బిగించకుండా వదిలేసినట్టు.

మా రోజుల్లో ఈ సంగతి తెలియనివాణ్ణి సర్వర్ మీద చెయ్యి వేయనిచ్చేవాళ్లు కాదు. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలతో లినక్స్ నేర్చుకున్న తరం మాది. ఇంటర్నెట్ డయలప్ మీద, నిమిషాల లెక్కన ఖర్చు. అందుకని హౌటూ పత్రాలన్నీ డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద అచ్చు తీసి, పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ చదివేవాళ్లం. కమాండ్ కొట్టే ముందు అది డిస్కులో ఏ సెక్టారును మారుస్తుందో చెప్పమని సీనియర్లు నిలదీసేవాళ్లు. చెప్పలేకపోతే కీబోర్డు లాగేసుకునేవాళ్లు.

అప్పటి బూట్ లోడర్ లిలో. దానికి ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటో తెలియదు. కెర్నెల్ ఫైలు డిస్కు మీద ఏయే బ్లాకుల్లో ఉందో నంబర్లు రాసుకుని, బూట్ అయ్యేటప్పుడు ఆ నంబర్ల ప్రకారం ఎత్తుకొచ్చేది. కెర్నెల్ మార్చి లిలో కమాండ్ మళ్లీ నడపలేదా, తర్వాత మిషన్ లేస్తుందన్న భరోసా లేదు. అందువల్ల కెర్నెల్ జోలికి వెళ్లిన ప్రతివాడికీ బూట్ ఎలా జరుగుతుందో తెలిసి తీరాల్సి వచ్చేది. ఆగిపోయినప్పుడు కూడా అది తన పేరులోని అక్షరాలతోనే జబ్బు చెప్పేది. ఎల్ ఒక్కటే పడి పక్కన అంకెల వరస వచ్చిందంటే డిస్కు చదవలేకపోతోంది. ఎల్, ఐ దగ్గర ఆగితే రెండో దశ మెమరీలోకి వచ్చింది గానీ నడవలేదు, డిస్కు జామెట్రీ తేడా వచ్చిందో, బూట్ ఫైలు కదిలిందో చూసుకోవాలి. ఎల్, ఐ, ఎల్ దాకా వచ్చి ఆగితే మ్యాప్ ఫైలు చదవలేకపోయింది. నాలుగు అక్షరాలూ పూర్తిగా పడితే ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఇప్పుడేముంది, కంపెనీ లోగో, దాని కింద గిరగిర తిరిగే చుక్కలు. లోపల ఏం జరుగుతోందో ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాల్సిన పనిలేదని ఎవరు తేల్చారో!

డిస్కులు తగిలించడంలోనూ పద్ధతి ఉండేది. ఒకే కేబుల్‌కి మాస్టర్, స్లేవ్‌గా జంట డిస్కుల్ని పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఐడీఈ డిస్కు పాడవుతూ పాడవుతూ అదే కేబుల్ మీదున్న రెండోదాన్ని కూడా పలకనివ్వకుండా చేయగలదు. అందుకని ఒకటి ప్రైమరీ మాస్టర్, ఒకటి సెకండరీ మాస్టర్. లినక్స్ భాషలో హెచ్‌డీఏ, హెచ్‌డీసీ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి డిస్కులు కొనడానికి పంపితే, రెండు సీరియల్ నంబర్లూ పక్కపక్కన ఉండకూడదని చెప్పి మరీ పంపేవాళ్లు. ఒకే లాట్‌లో పుట్టినవి, ఒకే వేడిలో, ఒకే గంటలు తిరిగినవి ఇంచుమించు ఒకేసారి పోవచ్చని వాళ్ల భయం. ఆ భయం సబబైనదే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో రెండు అని నొక్కుతారు, ఒకే అట్టపెట్టెలో కవలలు వస్తాయి.

సన్ మిషన్ల మీద పనిచేసినవాళ్లకి ఇంకా కఠినమైన శిక్షణ దొరికింది. సోలారిస్‌లో డిస్క్‌సూట్ అనే మిర్రర్ సాఫ్ట్‌వేర్ తన స్థితిని చిన్న డేటాబేస్ కాపీల్లో రాసుకునేది. లేచేటప్పుడు ఆ కాపీల్లో సగం కంటే ఎక్కువ కనిపించాలి. రెండు డిస్కుల్లో మూడేసి పెట్టామనుకోండి, ఒక డిస్కు పోతే మిగిలేవి సరిగ్గా సగం. నడుస్తున్న మిషన్ నడుస్తూనే ఉంటుంది. రీబూట్ చేస్తే మాత్రం సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగి, పోయిన కాపీలను తీసేయమంటుంది. తెలిసినవాడికి రెండు నిమిషాల పని, తెలియనివాడికి రాత్రంతా జాగారం. పైగా ఇన్‌స్టాల్‌బూట్ కమాండ్ రెండో డిస్కు మీద కూడా నడపాలి, ఓకే ప్రాంప్టు దగ్గర బూట్ డివైస్‌గా రెండు డిస్కుల పేర్లూ వరసగా ఇవ్వాలి. విండోస్ ఎన్‌టీ సర్వర్‌లో మిర్రర్ పెడితే ఒక బూట్ ఫ్లాపీ తయారుచేసేవాళ్లం. దాని మీది బూట్ ఐఎన్ఐ ఫైల్లో రెండో డిస్కుకు దారి రాసి, ఆ ఫ్లాపీని కవర్లో పెట్టి సర్వర్ క్యాబినెట్ పక్కకు టేపుతో అంటించేవాళ్లం. కవరు మీద తేదీ. రాత్రిపూట వాచ్‌మన్‌కి ఫోన్ చేసినా ఎక్కడుందో చూసి చెప్పగలిగేవాడు.

గ్రబ్ వచ్చాక పని సులువైంది. పాత గ్రబ్‌లో, ప్రాంప్టు దగ్గర మూడు లైన్లు. మొదటి లైనులో డివైస్ అని కొట్టి, హెచ్‌డీ సున్నా అంటే ఎస్‌డీబీ అని చెప్పాలి. రెండో లైనులో రూట్, హెచ్‌డీ సున్నా, పార్టిషన్ సున్నా. మూడోది సెటప్, హెచ్‌డీ సున్నా. ప్రాణమంతా మొదటి లైన్లోనే ఉంది. ఎస్‌డీబీ రెండో డిస్కు కదా, దాన్ని హెచ్‌డీ ఒకటి అనాలి కదా అని కొత్తవాళ్లు ఎదురడిగేవాళ్లు. మొదటి డిస్కు పోయిన రోజున బయాస్‌కి కనిపించేది ఇదొక్కటే, ఆ రోజున దీని నంబరు సున్నా. ఆ రోజును ఇవాళే మనసులో పెట్టుకుని రాయాలి. ఒకటి అని రాస్తే రెండు డిస్కులూ బాగున్నంతకాలం ఏ తేడా కనిపించదు. ఒకటి పోయినప్పుడు గ్రబ్ లేని డిస్కు కోసం వెతుక్కుంటూ ఆగిపోతుంది. ఈ ఒక్క లైను అర్థమైనవాడికి మిర్రర్ మీద బూట్ అంటే ఏమిటో పూర్తిగా అర్థమైనట్టే.

సూపర్‌బ్లాకు ఎక్కడుందో కూడా తెలిసి ఉండాలి. పాత 0.90 రకం సూపర్‌బ్లాకు పార్టిషన్ చివర కూర్చునేది. అందువల్ల బూట్ పార్టిషన్‌లో ఏ సగాన్ని చూసినా మామూలు ఎక్స్‌ట్ 2 పార్టిషన్‌లాగే ఉండేది, రెయిడ్ ఊసు తెలియని లోడర్ కూడా చదివేసేది. మొదట్లో రెయిడ్‌ట్యాబ్ ఫైలు రాసి మిర్రర్ కట్టేవాళ్లం. తర్వాత ఆస్ట్రేలియాలో నీల్ బ్రౌన్ రాసిన ఎండీఏడీఎం వచ్చి బతుకు తేలిక చేసింది, ఆయనకి లినక్స్ లోకం రుణపడి ఉంది. ఆ కమాండే 2010 ప్రాంతంలో డిఫాల్టును 1.2 రకానికి మార్చింది. అందులో సూపర్‌బ్లాకు పార్టిషన్ మొదట్లోనే, నాలుగు కిలోబైట్ల తర్వాత ఉంటుంది. పాత గ్రబ్ దాన్ని దాటి చదవలేదు. ఎక్కడో చూసిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు కొట్టినవాళ్లందరూ అప్పట్లో తలలు పట్టుకున్నారు. సంగతి తెలిసినవాళ్లు బూట్ పార్టిషన్ వరకు పాత రకం అడిగి, పని చక్కబెట్టుకున్నారు.

ఇంత చేశాక కూడా కస్టమర్‌కి అప్పజెప్పేవాళ్లం కాదు. మిషన్ ఆపేసి, మొదటి డిస్కు కేబుల్ తీసి, రెండోదాని ఒక్కదానితో లేపి, లాగిన్ దాకా వచ్చాక వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక బిల్లు కొట్టి చూసేవాళ్లం. తర్వాత మొదటిదాన్ని తిరిగి తగిలించి, మిర్రర్‌లో చేర్చి, రెండూ పూర్తిగా సమానమయ్యేదాకా ఆగేవాళ్లం. ప్రాక్ ఎండీస్టాట్‌లో రెండు యూలు పక్కపక్కన కనిపించాలి. అప్పుడు గానీ రెండోది తీసి మొదటిదాన్ని పరీక్షించకూడదు. తొందరపడి ముందే తీస్తే మొదటిది పాత లెక్కలతో లేచి కూర్చుంటుంది, ఏది కొత్త ఏది పాత అన్న పేచీ మొదలవుతుంది. తొమ్మిది జీబీ డిస్కులు కాబట్టి సమానం కావడానికి పెద్దగా పట్టేది కాదు. ఇప్పుడు నాలుగు టీబీ డిస్కుకు, వేరే పని ఏదీ లేకపోయినా, ఏడెనిమిది గంటలు కావాలి. అంతసేపు ఎవరు కూర్చుంటారు సార్ అంటారు. కూర్చోవాలి. అందుకే జీతం తీసుకుంటున్నాం.

స్వాప్ సంగతి కూడా చెప్పి తీరాలి. డేటా మిర్రర్ చేసి స్వాప్‌ను మాత్రం ఒక్క డిస్కు మీద వదిలేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ డిస్కు పోతే స్వాప్‌లోకి వెళ్లిన ప్రోగ్రాములు దాంతోపాటే పోతాయి. అంత కష్టపడి పెట్టిన మిర్రర్ ఉండి ఏం లాభం?

నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి ఒకడు ఈ మధ్య రాత్రిపూట ఫోన్ చేశాడు. ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ సర్వర్ చూడమని అప్పుడే వాడికి అప్పగించారట.

"సార్, కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవట్లేదు. స్క్రీన్ మీద బూట్ డివైస్ లేదంటోంది. రెండు నెలల కిందట రిపోర్టులో మిర్రర్ బాగానే ఉంది సార్."

"డిస్కులు ఎప్పుడన్నా మార్చారా నాయనా?"

"పోయినేడాది మొదటిది మార్చారట సార్, పాత వెండర్ వాళ్లు. మొన్న రెండోది పోతే అదీ మార్చారట. రెండుసార్లూ రీబిల్డ్ పూర్తయిందని రాసి ఉంది."

రెండు డిస్కులూ మారాయి. రెండుసార్లూ పార్టిషన్ పట్టికను ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకి దించుకున్నారు, మిర్రర్‌లో చేర్చారు, సమానం చేశారు. ఎస్‌ఎఫ్‌డిస్క్ దించేది పట్టికను మాత్రమే, బూట్ కోడును కాదు. గ్రబ్‌ను కొత్త డిస్కు మీద ఎవరూ ఎక్కించలేదు. మిషన్ ఆపకుండానే డిస్కులు మార్చారు కాబట్టి ఏడాదిపాటు ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి కరెంటు పోయేసరికి రెండు డిస్కుల నిండా డేటా ఉంది, లేపగలిగేది మాత్రం ఒక్కటీ లేదు.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపమన్నాను. మిర్రర్‌ను అసెంబుల్ చేసి, రూట్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ లోపలికి కలిపి, క్రూట్ చేసి, గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌ను రెండు డిస్కుల మీదా విడివిడిగా నడపమన్నాను. చేశాడు, లేచింది. వాడి తప్పేమీ లేదు. కానీ తెల్లవారి పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చే పెద్దవాళ్ల పేర్లు, పాత రిపోర్టులు అన్నీ అందులో ఉన్నాయి. డిస్కు మార్చిన వెండర్ ఒక్క కమాండ్ కొట్టి ఉంటే ఆ అబ్బాయికి ఆ రాత్రి ఉండేది కాదు.

బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది, ఇప్పుడు ఆ బాధ లేదు అంటారు. ఉంది, రూపం మారింది. తొలి సెక్టారు స్థానంలో ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ వచ్చింది. ఫర్మ్‌వేర్ దాన్ని నేరుగా చదువుతుంది, దానికి లినక్స్ మిర్రర్ అంటే తెలియదు. సూపర్‌బ్లాకు చివర ఉండే 1.0 రకంతో ఆ పార్టిషన్‌ను కూడా మిర్రర్ చేసేవాళ్లున్నారు. చదివినంతవరకు పనిచేస్తుంది. ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా అందులో ఏదైనా రాస్తే ఒక్క సగంలోనే రాస్తుంది, రెండు సగాలు వేరవుతాయి, మిర్రర్‌కి ఆ సంగతి తెలియదు. నా మటుకు నేను ఈ పద్ధతి ఒప్పుకోను. రెండు డిస్కుల్లో రెండు విడి ఈఎఫ్ఐ పార్టిషన్లు పెట్టండి, గ్రబ్ అప్‌డేట్ అయినప్పుడల్లా రెండింట్లోకీ వెళ్లేలా చూడండి, ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో రెండింటి పేర్లూ ఎక్కించండి. ఆ జాబితా ఉండేది మదర్‌బోర్డులో. బోర్డు మారిస్తే జాబితా పోతుంది. కాబట్టి ఈఎఫ్ఐ ఫోల్డర్ లోపల బూట్ అనే ఫోల్డర్‌లో, బూట్‌ఎక్స్64 పేరుతో లోడర్ కాపీ ఒకటి రెండు డిస్కుల్లోనూ ఉంచండి. పేరు తెలియని డిస్కును ఫర్మ్‌వేర్ లేపాలంటే వెతికేది ఆ ఫైలునే.

ఇప్పటి పనిముట్లు మంచివే. కొత్త గ్రబ్ మిర్రర్‌ను తనే చదువుకుంటుంది, 1.2 రకం కూడా దానికి అడ్డు కాదు. జీపీటీ పార్టిషన్ పట్టిక తన నకలును డిస్కు చివర దాచుకుంటుంది. డెబియన్‌లో నెలనెలా మొదటి ఆదివారం మిర్రర్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివి పోల్చే ఏర్పాటు ఉంది, మా కాలంలో అది దొరికి ఉంటే ఎన్ని డిస్కుల్ని ముందే మార్చి ఉండేవాళ్లమో. లేనిది పనిముట్లు కాదు, పరీక్షించే అలవాటు. ఆ నేరం కుర్రవాళ్ల ఒక్కరిదే అని కూడా అనను. ఇన్‌స్టలేషన్‌కి గంట టైమిచ్చి, మధ్యాహ్నం ఇంకో సైటుకి తరిమే మేనేజర్లున్నారు. సర్వర్ రెండేళ్లుగా ఆగలేదని గొప్ప చెప్పుకుంటూ, పరీక్ష కోసం పావుగంట ఆపడానికి అనుమతి ఇవ్వని ఆఫీసర్లున్నారు. రెండేళ్లు ఆగని సర్వర్ అంటే, రెండేళ్లుగా లేస్తుందో లేదో ఎవరూ చూడని సర్వర్ అన్నమాట.

అందుకని చివరగా నేను అడిగేది ఇంజనీర్లను కాదు, డబ్బిచ్చేవాళ్లను. ఆస్పత్రి, కాలేజీ, సొసైటీ, ప్రెస్సు, ఏదైనా సరే. మీ సర్వర్ ఏఎంసీ కాగితం బయటికి తీయండి. డిస్కు మార్చిన ప్రతిసారీ కొత్త డిస్కు మీద బూట్ లోడర్ ఎక్కించి, ఆ ఒక్క డిస్కుతోనే సర్వర్‌ను లేపి మీ ఎదుట చూపించాలి, తేదీ వేయాలి అని అందులో ఒక షరతు రాయించండి. ఏడాదికోసారి రెండు డిస్కుల మీదా అదే పరీక్ష జరగాలని ఇంకొకటి రాయించండి. పరీక్షకు ముందు బ్యాకప్ తీయించండి. ఒప్పుకోని వెండర్‌కి ఏఎంసీ రెన్యూ చేయకండి.